పంట కాలం, కిస్తీ కాలం

పాలకొల్లు వైపు ఎవరికైనా ‘సిబిల్ పోయింది’ అంటే ఆ మనిషి అప్పు ఎగ్గొట్టే రకమని అనుకునేవాళ్లు చాలామంది. సిబిల్ అంటే బ్యాంకులు అప్పిచ్చే ముందు చూసే స్కోరు. దానికి మనిషి మంచితనంతో పనిలేదు. 300 నుంచి 900 దాకా ఉండే ఆ అంకె అన్నిటికంటే ముందు చూసేది, చెప్పిన తేదీకి కట్టారా లేదా అనే. ఎందుకు ఆలస్యమైందో దానికి అక్కర్లేదు. ఇక్కడ చూస్తే డబ్బు నెలనెలా చేతికొచ్చేది కాదు. సార్వా (ఖరీఫ్) ధాన్యం ఒకసారి, దాళ్వా (రబీ) ధాన్యం ఒకసారి, కొబ్బరి అయితే దింపు దింపుకీ, రొయ్యలైతే పట్టుబడి రోజున. కిస్తీ మాత్రం ప్రతి నెలా అదే తారీఖున ఖాతా తలుపు తడుతుంది. గోదావరి డెల్టాలో స్కోరు పాడవడానికి చాలాసార్లు ఈ పేచీయే మూలమని, బాగుచేసుకోవడమూ ఇక్కడే మొదలవ్వాలని నా వాదన.

ఈ సంగతి బ్యాంకులకి తెలియంది కాదు. వరిలాంటి స్వల్పకాలిక పంట మీద ఇచ్చిన రుణాన్ని గడువు తీరాక రెండు పంట కాలాలు గడిచినా కట్టకపోతేనే మొండి బాకీ కింద రాస్తారు. బైకు మీద, టీవీ మీద ఇచ్చిన అప్పుకైతే 90 రోజులే. అంటే ఒకే ఇంట్లో పొలం అప్పు పంటతో పాటు నడుస్తుంది, ఫోను అప్పు జీతగాడి లెక్కన నడుస్తుంది. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల దాకా తీసుకుని, గడువులోగా కట్టి, 4 శాతం వడ్డీతో బయటపడే రైతు కూడా చిన్న ఫోను వాయిదా దగ్గర దొరికిపోవచ్చు. సిబిల్ రిపోర్టు తెరిస్తే ఇది కళ్లకి కడుతుంది. ఒక్కో అప్పు కింద నెలకో గడి చొప్పున 36 నెలల వరస ఉంటుంది. గడిలో మూడు సున్నాలుంటే సకాలంలో కట్టినట్టు, 30 అని ఉంటే ముప్పై రోజుల ఆలస్యం, ఆ పక్క గడిలో 60. ధాన్యం డబ్బు రాగానే బాకీ మొత్తం ఒక్కసారే కట్టేసినా ఆ 30, 60 చెరగవు. వాటి పక్కన మళ్లీ సున్నాలు మొదలవుతాయి, అంతే. స్కోరు బాగుపడడమంటే ఆ సున్నాలు పేరుకోవడమే. డబ్బిస్తే పాత గడులు తుడిచేస్తామనే ఏజెంట్ల చేతిలో అలాంటి రబ్బరేమీ లేదు.

కాబట్టి ధాన్యం అమ్మిన రోజే వచ్చే ఆరు నెలల కిస్తీలూ వాయిదా కోసుకునే ఖాతాలో విడిగా వేసి, దాని జోలికి పోకుండా ఉండడం మొదటి పని. రెండోది రిపోర్టు చూసుకోవడం. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. విడిపించుకున్న బంగారం లోను ఇంకా ఉన్నట్టు చూపించడం, హామీ సంతకం పెట్టిన అప్పు మొండి బాకీగా మారడం లాంటివి అందులోనే బయటపడతాయి. తప్పుందని ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే రోజుకి 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది.

పంటే పోతే దాచేదేమిటి అనొచ్చు. న్యాయమైన మాటే. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటే వేళకి సార్వా చేలు కోతకి సిద్ధమవుతున్నాయి. అలాంటప్పుడు పొదుపు సలహా పనికిరాదు. విపత్తుగా ప్రకటించిన ప్రాంతంలో పంట నష్టపోతే రుణం గడువు మార్చి రాసే వెసులుబాటు రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉంది. అడగాల్సింది గడువు దాటకముందే. చెరువులో వైట్ స్పాట్ తెగులు వచ్చి రొయ్య పోయిన రైతుకి ఈ దారి అంత సులువుగా దొరకదు, అది విపత్తు లెక్కలోకి రాదు గనక. ఈ లోటు వ్యవస్థదే, రైతుది కాదు.

ఇక ‘వడ్డీకిచ్చేవాళ్లు సిబిల్ అడగరు కదా’ అనే మాట. అడగరు, నిజమే. నెలకి నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. అడగకపోవడానికి కట్టే ఖరీదు అది. ‘సెటిల్‌మెంటు చేసుకుంటే పోలా’ అన్నదానికీ జవాబు దాదాపు ఇదే. బ్యాంకు తగ్గించి పుచ్చుకున్న అప్పు రిపోర్టులో ‘క్లోజ్‌డ్’ అని కాక ‘సెటిల్డ్’ అని పడుతుంది, తర్వాత లోను ఇచ్చే మేనేజరు కన్ను ముందు దాని మీదే పడుతుంది. నిజంగా కట్టలేనివాళ్లకి అదే మేలు కావచ్చు. కట్టగలిగీ నాలుగు డబ్బులు మిగులుతాయని చేసుకునేవాళ్లకి మాత్రం దండగ. ఇదివరకే చేసుకున్నవాళ్లు మిగిలిన సొమ్ము కూడా కట్టి, నో డ్యూ సర్టిఫికెట్ తీసుకుని, ఆ మాట మార్చి పంపమని బ్యాంకుని రాతపూర్వకంగా అడగొచ్చు. 2025 జనవరి నుంచి రుణదాతలు కనీసం పదిహేను రోజులకోసారైనా వివరాలు పంపాలి గనక, మార్పు కనపడడానికి మునుపటంత కాలం పట్టదు.