సీసాలో పెరిగే అరటి పిలక



మనం తినే అరటిపండులో గింజ ఉండదు. పిలక నాటితేనే చెట్టు. తల్లికి వెర్రితల తెగులుంటే పిలకకూ వస్తుంది. అందుకే నర్సరీలలో ‘టిష్యూ కల్చర్ అరటి’ అమ్ముతున్నారు. ఏమిటిది?

ఆరోగ్యంగా ఉన్న పిలకను తీసి, పొరలన్నీ ఒలిచి, లోపలి లేత మొవ్వును చిన్న ముక్కగా కోస్తారు. మందునీళ్ళతో కడిగి సీసాలో ఆహారం మీద ఉంచుతారు. ఆ ఆహారంలో పంచదార, లవణాలు, విటమిన్లు ఉంటాయి. గట్టిపడడానికి అగర్, అంటే మన చైనాగడ్డి, వేస్తారు. 1962లో మురషిగే, స్కూగ్ అనే శాస్త్రజ్ఞులు చెప్పిన పాళ్ళే నేటికీ ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. సైటోకైనిన్ అనే హార్మోను పాలు హెచ్చితే పిలకలు పుడతాయి, ఆక్సిన్ హెచ్చితే వేళ్ళు వస్తాయి.

ఆవకాయ జాడీలో తడిచెయ్యి పెడితే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా? ఇక్కడా అంతే. పంచదార చూస్తే బూజు ఊరుకోదు. అందుకని ఆహారంతో సహా సీసాలను 121 డిగ్రీల ఆవిరిలో ఉంచుతారు. మన ప్రెషర్ కుక్కరు సూత్రమే!

వేళ్ళొచ్చిన మొక్కలను వెంటనే ఎండకు పెట్టరు. కొన్ని వారాలు నీడలో అలవాటు చేస్తారు.

ఒక్కమాట మరువకండి. ఈ శుభ్రత బూజును ఆపుతుందిగాని, మొవ్వులో దాగిన వైరసును ఆపలేదు. తల్లికి తెగులుంటే వేల పిల్లలకూ అదే గతి. తల్లిమొక్కకు వైరస్ పరీక్ష చేయించాలనే కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2006లో ధ్రువీకరణ పద్ధతి పెట్టింది. మొక్క పచ్చగా ఉందని మురిసిపోక, ఆ ధ్రువపత్రం ఉందా అని అడిగి మరీ కొనండి. నాటాక పేనుబంక పట్టకుండా చూసుకోండి. తెగులును చెట్టునుంచి చెట్టుకు మోసేది అదే.