సముద్రము దాటు నర్సులకు పూచీపత్రము

హోసూరు ప్రాంతమున తెలుగు బడిలో పనిచేయు ఉపాధ్యాయునకు పాఠము చెప్పుటతో బాటు మఱియొక పని గలదు. ఊరివారికి వచ్చిన ఇంగ్లీషు కాగితములను చదివి వినిపింపవలెను. 2024 మే నెలలో గులాబీతోట సాగుచేయు రైతొకడు ఒక కాగితముల కట్టతో వచ్చి, "అయివారూ, ఇవి చదివి చెప్పండి, పాపను పంపొచ్చునా?" అని యడిగెను. ఆ పాప నా శిష్యురాలే. పదవ తరగతి వఱకు మా బడిలో తెలుగున చదివి, బెంగుళూరున నర్సింగు పట్టము పొంది, అచ్చటి యాసుపత్రిలో మూడేండ్లు పనిచేసినది. బ్రిటనులో ఉద్యోగమును వీసాయును సిద్ధమని చెప్పి ఏజెంటు తొమ్మిది లక్షలు కోరినాడు. కాగితములలో "కేర్ వర్కర్" అని యున్నది. కేర్ అనగా సంరక్షణయే గదా, నర్సు చేయునదియు నదియే గదా యని తలచి, పంపవచ్చునని చెప్పితిని. అది నా తప్పు. దాని వలన ఆలస్యముగా నేర్చినదానిని మన సభ్యుల ముందుంచుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాను.

ఇంగ్లీషువారు స్పాన్సర్‌షిప్ అనుదానికి మన పల్లెలలో పూచీ యను మాట దగ్గఱగా నుండును. అయితే భేదము గలదు. అప్పునకు పూచీపడినవాడు ఋణస్థుడు తప్పినచో తాను చెల్లించును. వీసాకు పూచీపడు యజమాని అట్లు చెల్లించువాడు కాడు. "ఈ మనిషి, ఈ పనికి, ఈ జీతమునకు నాకు కావలెను" అని తన ప్రభుత్వమునకు తెలిపి, ఆమె పనికి రాకున్నను, పని మానినను ఆ సంగతి తెలియజేయుటకు బద్ధుడగును. కావున వీసా ఆ యజమానికిని ఆ పనికిని ముడివడి యుండును. అతని లైసెన్సు రద్దయినచో, సాధారణముగా 60 దినములలో వేఱొక పూచీదారుని వెదకికొనవలెను, లేదా దేశము విడువవలెను.

బ్రిటనులో దీనిని సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ అందురు. పేరునకు సర్టిఫికెట్ యే గాని గోడకు తగిలించు కాగితము కాదు. ప్రభుత్వ కంప్యూటరులో నమోదైన యొక సంఖ్య. అది కేటాయింపబడిన 3 నెలలలోగా వీసాకు దరఖాస్తు పెట్టవలెను. అందు పనిని తెలుపు నాలుగంకెల సంకేతము నుండును. 2024 ఏప్రిల్ నుండి అమలైన పట్టికలో నర్సుల సంకేతములు 223 తో మొదలగును. కేర్ వర్కరునకు 6135, సీనియర్ కేర్ వర్కరునకు 6136. ఆ రైతు తెచ్చిన కాగితమున 6135 అను అంకె స్పష్టముగనే యుండెను. చదువ వచ్చినది, అర్థము తెలియలేదు. కేర్ వర్కర్లు భర్తను, బిడ్డలను వెంట తీసికొని పోవు వీలు 2024 మార్చి 11 తోనే పోయినది. 2025 జూలై 22 నుండి ఆ పనికి విదేశముల నుండి క్రొత్తవారిని తీసికొనుటయే నిలిపివేయబడినది. కనుక నేడు ఆ పేర వీసా యిప్పింతునని యెవడైన ద్రవ్యమడిగినచో నమ్మరాదు.

నర్సుగా పోగోరువారికి వరుస వేఱు. పూచీదారుని వెదకుట మొదటి మెట్టు కాదు. అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ మొదట ఇంగ్లీషు పరీక్ష కోరును. ఐఇఎల్‌టిఎస్ అకడమిక్ పరీక్షలో చదువుట, వినుట, మాటలాడుటలకు 7, వ్రాతకు 6.5 రావలెను, ఓఇటి అను పరీక్షయు చెల్లును. పిమ్మట కంప్యూటరుపై వ్రాయు పరీక్ష. దీనిని మన దేశముననే వ్రాయవచ్చును. ఇవి ముగిసిన పిదప యజమాని యింటర్వ్యూ, పూచీపత్రము, వీసా. ఓస్కీ యను ప్రయోగపరీక్ష మాత్రము బ్రిటనులోనే జరుగును. ఈ వరుసను తలక్రిందులు చేసి "ముందు వీసా, పరీక్షలు తరువాత" అనువాడు నర్సు ఉద్యోగమును చూపుటలేదని గ్రహింపవలెను.

పూచీపడ నర్హులైన యజమానుల పట్టికను బ్రిటిష్ ప్రభుత్వము బహిరంగముగా ప్రకటించుచున్నది. అందు పేరుండుట అవసరమే గాని, అంతమాత్రమున మనకు వచ్చిన ఉత్తరము నిజమనరాదు. ఆ సంస్థకే నేరుగా వ్రాసి యడుగవలెను. ఉద్యోగము చూపినందుకు అభ్యర్థి వద్ద రుసుము తీసికొనుట ఆ దేశపు నియామక నియమావళికి విరుద్ధము. మన దేశమున 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము క్రింద నమోదైన ఏజెంటు గరిష్ఠముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే తీసికొనవచ్చును. తొమ్మిది లక్షలెక్కడ, ముప్పది వేలెక్కడ! తమిళనాట ప్రభుత్వ సంస్థయైన ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషన్ చెన్నైలో గలదు. తెలంగాణమున టామ్‌కామ్ గలదు.

ఇచట మనవారికి సంబంధించిన యొక విశేషము. ఒకప్పుడు ఆ నియమావళిలో ఆంధ్రప్రదేశ్, ఒడిశా, మధ్యప్రదేశ్, పశ్చిమబెంగాల్ రాష్ట్రములనుండి నర్సులను చురుకుగా చేర్చుకొనరాదని యుండెను. అవి బ్రిటిష్ సహాయధనము పొందుచుండుటయే కారణము. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికను అనుసరించి దానిని సవరించిరి. ఆ పట్టికలో భారతదేశము లేదు.

అమెరికా సంగతి క్లుప్తముగా చెప్పెదను. అచ్చట నర్సులకు కార్మికశాఖ ధ్రువీకరణ మినహాయింపు గలదు గాని, ఏ యొక్క దేశమువారికిని ఏటి వీసాలలో 7 శాతము మించరాదను నియమము వలన, భారతదేశమున జన్మించినవారి వరుస పదేండ్లకు మించి సాగినది.

నా శిష్యురాలు పోయినది. 2025 ఆరంభమున ఆమె యజమాని లైసెన్సు రద్దయ్యెను. 52వ దినమున వేఱొక వృద్ధాశ్రమము పూచీపడెను గాన నిలువగలిగినది. పగలు పని, రాత్రి చదువుగా ఇంగ్లీషు పరీక్షను, కంప్యూటరు పరీక్షను గెలిచి, నర్సుగా నమోదు కోరినపుడు మఱియొక చిక్కు వచ్చినది. అది మన సరిహద్దు తెలుగువారికే ప్రత్యేకమైనది.

తమిళనాట బడి పత్రములలో పేరునకు ముందు తండ్రి పేరి తొలి యక్షరము నుండును. మన యిండ్లలో ఇంటిపేరు పెండ్లిపత్రికకే పరిమితము. గోవిందప్ప కుమార్తె మంజుల యనుకొందము. బడిలో జి. మంజుల, కర్ణాటక నర్సింగు కౌన్సిలు పత్రమున మంజుల జి.; పాస్‌పోర్టులో మంజుల గోవిందప్ప. ముగ్గురు మంజులలు ఒక్కరేయని నిరూపించుటకు అఫిడవిట్లు, ఉత్తరములు, నెలలు కావలెను. మా పిల్ల విషయమున వాళ్ళ నాయన బెంగుళూరునకు నాలుగు మార్లు తిరిగెను. కాగితములు మోయుచు రెండు మార్లు నేనును వెంబోయితిని.

ఈ యేడు పదవ తరగతి నామినల్ రోల్ వ్రాయుటకు ముందు ప్రతి బిడ్డ తల్లిదండ్రులను బడికి పిలిపించి, ఆధార్ కార్డును జన్మపత్రమును ప్రక్కప్రక్కన పెట్టి, పేరును అక్షరమక్షరముగా వారిచేతనే చదివించితిని. ముప్పది యొక్కరిలో పదునొకండుగురి పేర్లు ఒకదానితో నొకటి పొసగలేదు.