చీటీ లేని పీపా

పిల్లలూ! పటాన్‌చెరువు మందుల కర్మాగారాలలో పీపాలమీద చీటీలు అంటిస్తారు. చీటీ ఊడిపోతే లోపల ఏమున్నదో చెప్పడం కష్టం గదా! కంప్యూటరులో దాచిన వ్రాతకూడా అటువంటిదే.

కంప్యూటరుకు తెలిసినవి అంకెలే. 1991 నాటి మన దేశపు ఇస్కీ పద్ధతిలో "క" అంటే 179. తెలుగు "క"కూ, కన్నడ "క"కూ అదే అంకె! యూనికోడులో ఏ లిపి అంకెలు ఆ లిపివే. తెలుగు "క"కు 3093. యూటీఎఫ్-8 పద్ధతిలో దానిని 224, 176, 149 అని మూడు అంకెలుగా దాస్తారు.

పాత ఇస్కీ ఫైలును ఇందులోకి మార్చటానికి "యూకాన్వ్" అనే ఆజ్ఞ ఉన్నది. ఆజ్ఞ వెంట పాత పద్ధతి పేరు, కొత్త పద్ధతి పేరు, ఫైలు పేరు టైపు చేయాలి. పాతది తెలుగు ఇస్కీ అని మనమే చెప్పాలి. పొరపాటున కన్నడ ఇస్కీ అన్నామా, తెలుగు కథను కన్నడ అక్షరాలలో వ్రాసి ఇస్తుంది!

ఒక హెచ్చరిక: కొన్ని పద్ధతులలో తెలుగుకు చోటే లేదు. వాటిలోకి మారిస్తే అక్షరాలు పోవచ్చును. పోయినవి తిరిగి రావు. కనుక మార్చిన వ్రాతను వేరే పేరుతో దాచండి. చదివి సరిచూసేదాకా పాత ఫైలును చెరపకండి. ఫైలు పేరులోనే పద్ధతి పేరూ చేర్చండి. అదే దాని చీటీ!