నాలుగు గొట్టాలు, చిటికెడు వెలిగారం

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే జాతీయ రహదారి మీద సూర్యాపేట, కోదాడ ఊళ్లలో ఏ వెల్డింగ్ షాపు ముందు ఆగినా గేట్లు, కిటికీ గ్రిల్స్, ట్రాక్టర్ ట్రాలీలే కనిపిస్తాయి. ఒక్కోసారి వాటి మధ్య ఓ పాత సైకిల్ ఫ్రేము గోడకు ఆనించి ఉంటుంది. చక్రాలుండవు, సీటుండదు, చైనుండదు. తుప్పు పట్టిన గొట్టాలు మాత్రం మిగులుతాయి. చూసినవాళ్లు పాత ఇనుప సామాను అనుకుంటారు. కానీ సైకిల్ అంటే అదే. టైరు అరిగితే మార్చుకోవచ్చు, చైను తెగితే కొత్తది వేసుకోవచ్చు, పుల్లలు విరిగితే ఎక్కించుకోవచ్చు. ఫ్రేము మారితే మాత్రం అది వేరే బండి.

ఆ పాత ఫ్రేముకు ఇక్కడ రెండో జన్మ కూడా ఉంది. ఎడ్లు లేని రైతు పత్తి సాళ్ల మధ్య కలుపు తీయడానికి పాత సైకిల్ తెచ్చి, ముందు చక్రం, హ్యాండిల్, సగం ఫ్రేము ఉంచి, వెనక ఒక పాస (ఇనుప బ్లేడు) బిగించమంటాడు. దాన్నే సైకిల్ గుంటుక అంటారు. వెల్డర్ టేపు తీస్తాడు. "అన్నా, గిట్ల నిలబడు, చేతులు ముందుకు చాపు" అంటాడు. "నడుము నొయ్యకుండ పెట్టు తమ్మీ, పొద్దంత తోలాలె" అంటాడు రైతు. హ్యాండిల్ ఎంత ఎత్తులో ఉండాలో, గొట్టం ఎక్కడ కోయాలో అక్కడే తేలిపోతుంది. మనిషిని కొలిచి, ఆ కొలతకు గొట్టం కోసి అతికించడమే ఈ పని. ఇంగ్లండ్, ఇటలీ, జపాన్‌లలో చిన్న వర్క్‌షాపులు ఎన్నో తరాలుగా బతుకుతున్నదీ ఈ పని మీదే. అక్కడ దానికి పేరుంది, గౌరవముంది, తమ వంతు కోసం నెలల తరబడి ఎదురుచూసే కొనుగోలుదారులున్నారు.

ఫ్రేము పుట్టుక మాత్రం కర్రతో మొదలైంది. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ రెండు చక్రాల మధ్య ఒక దూలం వేసి, దాని మీద కూర్చుని, కాళ్లతో నేలను తన్నుకుంటూ పోయే బండి చేశాడు. 1860లలో పారిస్‌లో ముందు చక్రానికి పెడళ్లు వచ్చాయి. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టే తిరుగుతుంది కాబట్టి, వేగం కావాలంటే చక్రం పెద్దది కావాలి. అలా ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తుకు పెరిగింది. రాయి తగిలితే తల ముందుగా నేలకు తగిలేది. 1885లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ 'రోవర్' అనే సైకిల్‌తో ఈ కష్టం తీర్చాడు. ఇంచుమించు సమానమైన రెండు చక్రాలు, వెనక చక్రానికి చైను. మూడేళ్లకు, 1888లో, బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ గాలి టైరు తెచ్చాడు. 1890ల నాటికి ఫ్రేము ఇప్పుడు మనం చూసే ఆకారానికి వచ్చేసింది. ఆ తర్వాత విమానం పుట్టింది, రాకెట్ పుట్టింది. ఈ ఆకారం మాత్రం పెద్దగా మారలేదు.

ఎందుకు మారలేదో ఇంట్లోనే చూడొచ్చు. నాలుగు పుల్లలు తీసుకుని చివరలు దారంతో కట్టి చతురస్రం చేయండి. మూల మీద నొక్కితే వాలిపోతుంది. అదే మూడు పుల్లలతో త్రిభుజం చేసి నొక్కండి, కదలదు. పుల్లలైనా విరగాలి, కట్లైనా తెగాలి. పెంకుటింటి కప్పును మోసేదీ ఈ త్రిభుజమే. సైకిల్ వెనక భాగంలో సీటు కింది గొట్టం, చక్రానికి ఇరువైపులా వెళ్లే సన్న గొట్టాలు కలిసి నికార్సైన త్రిభుజం ఏర్పడుతుంది. ముందు భాగం మాత్రం చూడటానికే త్రిభుజం. హ్యాండిల్ కింద పొట్టి గొట్టం ఒకటి అడ్డొచ్చి దాన్ని నాలుగు భుజాలది చేస్తుంది. అందుకే అక్కడి రెండు జాయింట్ల మీద భారం ఎక్కువ. పాత సైకిళ్లలో పగులు వెతకాలంటే అనుభవమున్న మెకానిక్ ముందుగా అక్కడే వేలు పెట్టి చూస్తాడు.

లేడీస్ సైకిల్‌లో పై గొట్టాన్ని కిందికి దించినప్పుడు ఆ మాత్రం త్రిభుజమూ పోతుంది. చీరతోనో లంగాతోనో ఎక్కడానికి ఆ వీలు కావాలి. దానికి మూల్యంగా ఫ్రేము మెలితిరగడం పెరుగుతుంది. ఆ లోటు పూడ్చడానికి గొట్టాల మందం పెంచడమో, ఇంకో గొట్టం చేర్చడమో చేయాలి.

ఇక గొట్టం సంగతి. కడ్డీ గట్టిదా, గొట్టం గట్టిదా అంటే చాలామంది కడ్డీ అనే అంటారు. లెక్క వేరేలా చెబుతుంది. మంచి ఫ్రేముల్లో సీటు కింది గొట్టం బయటి వ్యాసం 28.6 మి.మీ. గోడ మందం 0.9 మి.మీ. అనుకుందాం. మీటరు పొడవుకు బరువు 615 గ్రాముల దాకా వస్తుంది. అంతే ఉక్కును కరిగించి గుల్ల లేని కడ్డీ పోస్తే దాని వ్యాసం 10 మి.మీ. మాత్రమే. ఇప్పుడు రెండింటినీ వంచి చూస్తే, గొట్టం కడ్డీ కంటే దాదాపు 15 రెట్లు ఎక్కువ బిగువు చూపిస్తుంది. ఉక్కు అదే, బరువు అదే. పదార్థం మధ్య నుంచి అంచుకు జరిగింది, అంతే. వెదురు బొంగు గుల్లగా ఉండి కూడా గాలివానకు నిలబడేది ఈ లెక్కతోనే.

ఈ గుట్టును ఇంకో మెట్టు ఎక్కించింది బర్మింగ్‌హామ్‌లో మేకులు తయారుచేసే రెనాల్డ్స్ కుటుంబం. గొట్టాలను అతికించే చోట వేడి తగిలి ఉక్కు బలం తగ్గుతుంది. తొక్కేటప్పుడు ఒత్తిడి ఎక్కువగా పడేదీ అక్కడే. అలాగని గొట్టం మొత్తం మందంగా చేస్తే బరువు. అందుకే చివర్లలో మందంగా, నడుమ పలచగా ఉండే గొట్టం చేసి 1897లో పేటెంట్ తీసుకున్నారు. బయటి నుంచి చూస్తే తేడా తెలియదు. మందమంతా లోపలి వైపే. 1935లో వచ్చిన వాళ్ల '531' గొట్టం కొన్ని దశాబ్దాల పాటు మంచి ఫ్రేముకు మారుపేరుగా నిలిచింది. 28.6 మి.మీ. గొట్టం నడుమ గోడ మందం 0.6 మి.మీ. దాకా తగ్గించగలిగారు. మన పోస్టుకార్డు రెండు మూడు కలిపి పెడితే ఉండేంత మందం.

అంత పలచని గొట్టాలను అతికించడం ఎలా? ఇక్కడే మన కంసాలికి తెలిసిన విద్య వస్తుంది. నగ అతికేటప్పుడు వెలిగారం పూసి, టంకం పెట్టి, ఊదుగొట్టంతో మంట ఊదుతారు కదా. సైకిల్ ఫ్రేముకూ అదే పద్ధతి, కొలత పెద్దది. గొట్టాల చివరలను 'లగ్' అనే ఉక్కు తొడుగులో దూరుస్తారు. రెంటికీ మధ్య వెంట్రుక మందం సందు ఉంచుతారు. వెలిగారం కలిసిన పూత పూసి, గ్యాసు మంటతో వేడి చేస్తారు. వెలిగారం గాజులా కరిగి ఉక్కుకు గాలి తగలకుండా కాపాడుతుంది. ఉక్కు ఎర్రబడ్డాక ఇత్తడి కడ్డీ ఆనిస్తే, 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది కరిగి, వత్తి నూనెను పీల్చుకున్నట్టు ఆ సందులోకి తనంతట తాను పాకుతుంది. వేడి ఎటు చూపిస్తే ఇత్తడి అటు పోతుంది. ఉక్కు కరగాలంటే 1500 డిగ్రీలు దగ్గర పడాలి కాబట్టి గొట్టం చెక్కుచెదరదు. తొడుగు అవతలి అంచున సన్నని పసుపు గీత కనిపించిందంటే టంకం లోపలంతా నిండిందని గుర్తు. వెండి కలిసిన టంకమైతే ఇంకా తక్కువ వేడికే, 700 డిగ్రీల లోపే పారుతుంది. మరీ పలచని గొట్టాలకు దాన్నే వాడతారు.

చిన్న ఫ్రేము వర్క్‌షాపులో మంట ముట్టించే పని గంటల లెక్కే. మిగతా పొద్దంతా కొలతకూ ఆకురాయికీ పోతుంది. ముందు మనిషిని కొలుస్తారు: కాలు పొడవు, మొండెం, చేయి, భుజాల వెడల్పు. ఎక్కడ తొక్కుతాడో, ఎంత బరువు మోస్తాడో అడుగుతారు. ఫ్రేమును నిజ పరిమాణంలో కాగితం మీద గీస్తారు. తర్వాత ఒక గొట్టం చివర ఇంకో గొట్టం గుండ్రటి ఒంటికి సరిగ్గా అతుక్కునేలా నెలవంక ఆకారంలో కోసి, బెంచి వైస్‌లో బిగించి ఆకురాయితో అరగదీస్తారు. రెండు గొట్టాలూ ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తారు. సందులోంచి వెలుతురు కనిపిస్తే మళ్లీ ఆకురాయి పట్టాల్సిందే. 1946లో ఇంగ్లండ్‌లోని డెర్బీలో మొదలైన మెర్సియన్ లాంటి సంస్థలు ఈ పద్ధతినే పట్టుకుని, ఇటుకల పొయ్యి మీద గ్యాసు మంటతో ఫ్రేములు అతుకుతూ పేరు తెచ్చుకున్నాయి.

జపాన్‌లో ఈ విద్య పందేల చుట్టూ పెరిగింది. 1948లో కొకురా పట్టణంలో కెయిరిన్ అనే సైకిల్ పందేలు మొదలయ్యాయి. జనం డబ్బు కాసే పందెం కాబట్టి, గెలుపు కాళ్లదే కావాలి గానీ బండిది కాకూడదని నియమాలు గట్టిగా పెట్టారు. ఆమోదం పొందిన తయారీదార్లు చేసిన ఉక్కు ఫ్రేములే వాడాలన్నారు. కార్బన్ ఫైబర్ కాలంలోనూ ఒక్కొక్కరే కూర్చుని ఫ్రేము చేసే నిపుణులు అక్కడ నిలబడటానికి ఈ నియమమే ఆసరా. ఇటలీ వెళ్లి పని నేర్చుకొచ్చిన యోషియాకి నాగసావా 1976లో ఒసాకా దగ్గర సొంత వర్క్‌షాపు పెట్టాడు. ఆయన ఫ్రేముల మీద కోయిచి నకానో 1977 నుంచి 1986 వరకు వరసగా 10 సార్లు ప్రపంచ స్ప్రింట్ ఛాంపియన్ అయ్యాడు. అంతకు ముందు 1972 అక్టోబర్ 25న మెక్సికో నగరంలో సైక్లిస్టు ఎడీ మెర్క్స్ ఒక గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కింది కూడా ఇటలీలో ఎర్నెస్టో కోల్నాగో చేయించిన ఉక్కు సైకిల్ మీదే. ఆ బండి బరువు 5.75 కిలోలు. మన ఊళ్లో నల్ల సైకిల్ దానికి మూడున్నర రెట్లు తూగుతుంది.

ఆ నల్ల సైకిల్‌కూ బర్మింగ్‌హామ్‌కూ దూరపు చుట్టరికం ఉంది. రెనాల్డ్స్ కంపెనీ 1928లో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే సంస్థలో కలిసింది. 1946లో హెర్క్యులిస్ సైకిల్ కంపెనీ కూడా అందులోకే వచ్చింది. అదే సంస్థతో చేతులు కలిపి మురుగప్ప గ్రూపు 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్‌ను స్థాపించింది. తర్వాత 1956లో లూధియానాలో హీరో మొదలై, 1986 నాటికి ప్రపంచంలోనే అత్యధికంగా సైకిళ్లు తయారుచేసే కంపెనీగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. హెర్క్యులిస్, అట్లాస్, హీరో, ఏవన్, ఏ పేరున్నా పల్లెల్లో తిరిగిన సైకిల్ ఆకారం ఒక్కటే.

దాన్ని మొరటు బండి అని తీసిపారేయడం తప్పు. పందెం సైకిల్‌లో హ్యాండిల్ గొట్టం నేలతో 73 డిగ్రీల దగ్గర నిటారుగా ఉంటుంది. నల్ల సైకిల్‌లో అది 67, 68 డిగ్రీలకు వాలి ఉంటుంది. ఆ వాలు వల్ల గుంతలో పడినప్పుడు ఫోర్కు కాస్త ముందుకు సాగి దెబ్బను మింగుతుంది, బండి అటూ ఇటూ తొణకదు. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో మిర్యాలగూడ చుట్టూ రైసుమిల్లులు వెలిసిన రోజుల్లో మట్టిబాటల మీద బియ్యం మూట కట్టుకుని పోవడానికి ఆ వాలే కావాలి. కల్లు లొట్లు కట్టుకునే గీత కార్మికుడికి, రెండు పక్కలా క్యాన్లు వేలాడే పాలాయనకు, పైన రెండు గొట్టాలున్న ఫ్రేము ఇంకా నప్పుతుంది. లోపం ఫ్రేము బలంలో లేదు, కొలతలో ఉంది. 22 అంగుళాలు, 24 అంగుళాలు అని రెండు సైజులు చేసి, అయిదడుగుల మనిషినీ ఆరడుగుల మనిషినీ వాటి మీదే ఎక్కించారు. బడి పిల్లలు త్రికోణంలోంచి కాలు దూర్చి, ఒళ్లు వంకర చేసుకుని తొక్కడం నేర్చుకున్నారంటే కారణం అదే.

మరమ్మతు దగ్గరా తెలుసుకోవాల్సింది ఒకటుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 3,600. రోజుకు రెండు గంటలు, ఏడాదికి 300 రోజులు తిరిగే పాలాయన ఫ్రేము ఏడాదిలో 21 లక్షల 60 వేల సార్లు అటూ ఇటూ మెలి తిరుగుతుంది. ఒత్తిడి ఒక హద్దు లోపల ఉన్నంత కాలం ఉక్కు ఈ మెలికలను లెక్క చేయదు. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు, లోపల అలసట పోగవుతూనే ఉంటుంది. కానీ ఉక్కు ఫ్రేముకైనా కరెంటు వెల్డింగ్ తొందరగా కొట్టి ముద్ద మిగిలిస్తే, ఆ ముద్ద అంచునే కొత్త పగులు మొదలవుతుంది. గ్యాసుతో ఇత్తడి పెట్టే మనిషి దొరికితే నల్ల సైకిల్‌కు అదే మేలు. పలచని గొట్టాల కొత్త సైకిళ్లకైతే కరెంటు వెల్డింగ్ పెట్టకపోవడమే మంచిది, రంధ్రం పడుతుంది.

అతికించాక ఫ్రేము సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. వెనక చక్రం కూర్చునే ఒక కొస దగ్గర దారం కట్టి, హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, అవతలి కొసకు బిగుతుగా కట్టాలి. సీటు కింది గొట్టానికి రెండు వైపులా దారం ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలవాలి. రెండూ సమానమైతే ఫ్రేము సూటిగా ఉంది. తేడా ఉంటే వెనక భాగం ఒక పక్కకు లాగేసింది. పేరున్న నిపుణులు కూడా ఈ దారం పరీక్ష చేస్తారు. సైకిల్ వెల్డింగ్ చేయించిన ప్రతివాళ్లూ డబ్బులిచ్చే ముందు ఇది అడిగి చేయించుకోవాలి.

కొలత పెట్టి ఫ్రేము చేయించుకోవడం అందరివల్లా కాదు. ఉన్న సైకిల్‌ను ఒంటికి సరిచేసుకోవడం మాత్రం ఎవరైనా చేయొచ్చు. చెప్పులు విడిచి గోడకు వీపు ఆనించి నిలబడి, తొడల మధ్య ఒక పుస్తకం నిలువుగా, పైకి ఒత్తి పెట్టుకోండి. నేల నుంచి పుస్తకం పై అంచు దాకా కొలిచి, దాన్ని 0.883తో హెచ్చించండి. 75 సెంటీమీటర్లు వస్తే జవాబు 66. పెడల్ రాడ్లు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పై అంచు దాకా అన్ని సెంటీమీటర్లు ఉండేలా బిగించమని మెకానిక్‌కు చెప్పండి. సీటు ఎంత దించినా ఆ కొలతకు రాకపోతే ఆ ఫ్రేము మీకు పెద్దది. పిల్లలకు కొనేటప్పుడు ఎదిగాక సరిపోతుందిలే అని పెద్దది కొనకండి. ఇవాళ్టి కొలతకే కొనండి.