కడుపులో ‘బల్ల’కు వాతలు మందు కావు

చౌటుప్పల్: పిల్లవాడి పొట్ట ఉబ్బి, ఎడమ డొక్కలో గట్టిగా తగిలితే ‘బల్ల పెరిగింద’ని వాతలు పెట్టించడం, ఎముకలు నొస్తే ‘ఫ్లోరైడు నీళ్ల వల్ల’ అని సరిపెట్టుకోవడం మన పల్లెల్లో పాత అలవాటు. బల్ల మలేరియాతోనూ పెరుగుతుంది. కాని బల్ల, ఎముకల నొప్పి, రక్తం తగ్గడం ఒకే బిడ్డలో కనిపిస్తే గోషే జబ్బేమోనని పరీక్ష చేయించాలి.

1882లో ఫ్రెంచి వైద్యుడు ఫిలిప్ గోషే దీన్ని గుర్తించారు. శరీరంలో ఒకరకం కొవ్వును అరిగించే ఎంజైము పుట్టుకతోనే లోపించి, ఆ కొవ్వు బల్లలో, కాలేయంలో, ఎముకల మూలుగలో పేరుకుంటుంది. కొందరిలో ఎముకల పక్కన మెత్తటి గడ్డలుగా కూడా పెరుగుతుంది. చూడటానికి క్యాన్సరులాగే ఉంటుంది. ముక్క తీసి పరీక్షిస్తేనే తేడా తెలుస్తుంది.

ఇది అంటుజబ్బు కాదు, శాపమూ కాదు. తల్లిదండ్రులిద్దరిలోనూ లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుంది. మేనరికాల్లో ఈ అవకాశం ఎక్కువ.

రక్తంలో ఎంజైము పరీక్షతో జబ్బు తేలుతుంది. లోపించిన ఎంజైమును రెండు వారాలకోసారి నరానికి ఎక్కించే చికిత్స 1991లో వచ్చింది. ఖర్చు లక్షల్లో ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2021లో అరుదైన జబ్బుల విధానం తెచ్చి, 2022లో సాయాన్ని 50 లక్షల రూపాయల వరకు పెంచింది. హైదరాబాదు నిమ్స్ అందుకు గుర్తించిన ఆసుపత్రుల్లో ఒకటి. పొలం అమ్ముకునే ముందు అక్కడ విచారించడం మేలు.

మందు జీవితాంతం కావాలి, సాయానికి మాత్రం హద్దు ఉంది. ఈ సంగతి ప్రభుత్వం ఆలోచించవలసి ఉంది.