గుంతకల్లు ప్రాంతంలో గేజి మార్పిడి

గేజి మార్పిడి అనగా రైలు మార్గంలో రెండు పట్టాల మధ్య గల దూరాన్ని (గేజిని) ఒక కొలత నుండి మరొక కొలతకు మార్చడం. ఆంధ్ర ప్రదేశ్‌లోని గుంతకల్లు జంక్షను కేంద్రంగా, అనంతపురం పీఠభూమి మీదుగా సాగే మీటరు గేజి మార్గాలు 1980, 1990 దశకాలలో చాలావరకు బ్రాడ్ గేజికి మార్చబడ్డాయి. ధర్మవరం - పాకాల మార్గపు మార్పిడి 2010లో పూర్తయినది. బ్రాడ్ గేజిలో పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు, మీటరు గేజిలో 1,000 మిల్లీమీటర్లు.

నేపథ్యం

మద్రాసు నుండి కడప, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా వచ్చిన మద్రాసు రైల్వే వారి బ్రాడ్ గేజి మార్గం 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిసినది. అంతకు ముందు సంవత్సరమే వైస్రాయి మేయో ప్రభువు హయాంలో, ఖర్చు తగ్గించుటకై కొత్త మార్గాలకు మీటరు గేజిని ఎంచుకున్నారు.

1876-78 నాటి మహా క్షామం రాయలసీమను తీవ్రంగా దెబ్బతీసినది. ధాన్యం ఉన్న చోటు నుండి లేని చోటుకు చేరవేసే సాధనం కావాలని, అందుకు రైలు మార్గాలు నిర్మించాలని 1880 నాటి క్షామ కమిషను సూచించినది. తరువాతి కాలంలో సదరన్ మరాఠా రైల్వే, సౌత్ ఇండియన్ రైల్వే సంస్థలు ఈ ప్రాంతంలో మీటరు గేజి మార్గాలు వేశాయి. అవి:

* గుంతకల్లు నుండి బళ్ళారి, హుబ్లీల మీదుగా మార్మగోవా వైపు
* గుంతకల్లు నుండి నంద్యాల, గుంటూరుల మీదుగా బెజవాడ వైపు
* గుంతకల్లు నుండి అనంతపురం, ధర్మవరం, హిందూపురంల మీదుగా బెంగుళూరు వైపు
* ధర్మవరం నుండి కదిరి, పాకాలల మీదుగా కాట్పాడి వైపు

రెండు గేజిల వలన ఇబ్బందులు

తక్కువ ఖర్చుతో వేసిన ఈ మార్గాలు బ్రాడ్ గేజిని కలిసే ప్రతి చోటా ఒక అడ్డంకి ఏర్పడినది. ఒక గేజికి చెందిన వ్యాగను రెండవ గేజి పట్టాలపై నడవదు. అందువలన గుంతకల్లు వంటి కూడళ్ళలో కూలీలు సరుకును ఒక వ్యాగను నుండి దించి మరొక దానిలోకి ఎక్కించవలసి వచ్చేది. దీనివలన ఖర్చు, ఆలస్యం, నష్టం పెరిగేవి. ధాన్యపు బస్తాలు ఈ జాప్యాన్ని తట్టుకోగలవు గాని పండ్లు, కూరగాయలు తట్టుకోలేవు. సాలీనా సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే అనంతపురం ప్రాంతానికి కరవు కాలంలో పశుగ్రాసం, ధాన్యం బయటి నుండి రావలసినదే. కాబట్టి ఇక్కడ జాప్యం జనజీవనానికి సంబంధించిన సమస్య.

మార్పిడి విధానం

గేజి మార్పిడి అంటే పట్టాలను కొంచెం దూరంగా జరపడం మాత్రమే కాదు. పొట్టి స్లీపర్లను తీసి పొడవైన కాంక్రీటు స్లీపర్లు వేయాలి. బరువైన రైళ్ళను మోయుటకు వంతెనలను బలపరచాలి లేదా తిరిగి కట్టాలి. మట్టికట్టలను, కొండలను తొలచిన దారులను వెడల్పు చేయాలి. ప్లాట్‌ఫారాలను, సిగ్నళ్ళను మార్చాలి. మలుపులు ఎక్కువగా ఉన్న చోట మార్గాన్నే కొంత పక్కకు తప్పించవలసి వస్తుంది. పని జరిగే కాలమంతా ఆ మార్గంలో రైళ్ళు నిలిచిపోతాయి. పాత ఇంజన్లు, బోగీలు కొత్త పట్టాలకు పనికిరావు.

మరొక చిక్కు కూడా ఉన్నది. మార్గంలో కొంత భాగాన్ని మాత్రమే మారిస్తే అడ్డంకి తొలగదు, వేరొక స్టేషనుకు తరలిపోతుంది. పాత గేజి మిగిలిన ముక్క ఒంటరిదై, దానిపై నడిచే రైళ్ళు తగ్గిపోతాయి. దేశమంతటా ఒకే గేజి ఉండాలన్న లక్ష్యంతో 1992లో భారతీయ రైల్వే ఏక గేజి పథకాన్ని చేపట్టుటకు ఇది ముఖ్య కారణం.

గుంతకల్లు - బెంగుళూరు మార్గం 1980లలో, గుంటూరు వైపు మార్గం 1990లలో బ్రాడ్ గేజిగా మారాయి. ముదిగుబ్బ, కదిరి, ములకలచెరువు, పీలేరుల మీదుగా వెళ్ళే సుమారు 227 కిలోమీటర్ల ధర్మవరం - పాకాల మార్గం 2010 వరకు వేచి ఉండవలసి వచ్చినది.

కంప్యూటరు ఆటలలో

రవాణా ఆటలలో కూడా ఈ సమస్య కనిపిస్తుంది. క్రిస్ సాయర్ రూపొందించిన ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ (1994) స్ఫూర్తితో 2004లో వెలువడిన ఓపెన్ టీటీడీ ఆటలో, మామూలు పట్టాలను విద్యుత్ పట్టాలుగా రైళ్ళు నడుస్తుండగానే మార్చవచ్చు. మోనోరైలుగా మార్చాలంటే మాత్రం ఆ పట్టాలపై రైళ్ళేవీ ఉండరాదు, కొత్త రైళ్ళు కొనాలి. నిజ జీవితంలోనూ ఇదే భేదం ఉన్నది: విద్యుదీకరణ తరువాత డీజిలు ఇంజను అదే పట్టాలపై నడుస్తుంది, గేజి మార్పిడి తరువాత పాత రైలు నడవదు. ఆటలో ఖర్చయ్యేది ఆటగాని సొమ్ము. ఇక్కడ మార్గం మూతపడినన్నాళ్ళు దానిపై ఆధారపడిన ఊళ్ళు బస్సులను, లారీలను ఆశ్రయించవలసినదే.

ఫలితాలు

2020 సెప్టెంబరు 9న అనంతపురం నుండి ఢిల్లీలోని ఆదర్శ్ నగర్‌కు దక్షిణ భారతదేశపు మొదటి కిసాన్ రైలు బయలుదేరినది. మూడు వందల టన్నులకు పైగా పండ్లు, కూరగాయలను అది రెండు వేల కిలోమీటర్లకు పైగా తీసుకొని వెళ్ళినది. గేజి భేదం కొనసాగి ఉంటే ఆ సరుకును గుంతకల్లులోనే దించి ఎక్కించవలసి వచ్చేది. క్షామ కాలంలో ధాన్యం తెచ్చుటకు ఉద్దేశించిన మార్గం, కరవు నేలలో పండిన పంటను బయటకు పంపుటకు ఉపయోగపడినది.

ఇవి కూడా చూడండి

* గుంతకల్లు రైల్వే డివిజను
* ధర్మవరం జంక్షను
* అనంతపురం జిల్లా