అమ్మమ్మ చేతికి మనం అంటగట్టినవి

విజయవాడలో ఏ పెళ్లి పంక్తిలో కూర్చున్నా, ఏ కర్రీ పాయింటు ముందు నిలబడ్డా ఒక మాట చెవిన పడుతుంది: మా అమ్మమ్మ వంట వేరండీ, ఆ చేయి వేరు. మాటలో అబద్ధమేమీ లేదు, ఆ రుచి నిజంగానే వేరు. ఎందుకు వేరు అని అడిగితే మాత్రం వచ్చే జవాబులు నిలవవు. అది తరతరాలుగా మారని వంట అంటారు. అప్పటి తిండి ఒట్టి ఆరోగ్యం అంటారు. అన్నిటికీ మించి ఆ చేతి మహిమ అంటారు. కృష్ణా డెల్టా వంటింటిని దాని కాలువలతో, మిల్లులతో, దినుసులతో కలిపి చూస్తే ఈ మూడూ సడలిపోతాయి. జ్ఞాపకం రుచిని పట్టుకున్నంత గట్టిగా దాని కారణాన్ని పట్టుకోదు. కారణం జారిపోయిన చోట మనం ఒక మనిషిని నిలబెడతాం, పెద్దావిడనైతే పొగడటానికి, కోడలినైతే తప్పుపట్టడానికి. అందుకే ఈ అపోహలు ముచ్చటగా కనిపించినా ఊరికే వదిలేయదగ్గవి కావు.

మారని వంట అన్నదాన్ని ముందు చూద్దాం. ఆంధ్రుల తిండి అనగానే గుర్తొచ్చే ఎర్రటి కారం ఈ నేలలో పుట్టింది కాదు. మిరప అమెరికా ఖండాల మొక్క. 1492లో కొలంబస్ అక్కడికి చేరాకే మిగతా లోకం దాని మొహం చూసింది. మన తీరానికి పోర్చుగీసు ఓడల మీద వచ్చింది. ఆ పోర్చుగీసువాళ్లు గోవాను పట్టుకున్నది 1510లో. దాదాపు ఆ రోజుల్లోనే శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకు పోతూ కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు సన్నిధిన ఆగాడని, కావ్యం రాయమని స్వామి కలలో చెప్పింది అక్కడేనని ఆముక్తమాల్యద మొదట్లోనే ఉంటుంది. ఆ కావ్యంలోని భక్తుడు విష్ణుచిత్తుడి ఇంట అతిథులకు ఏ కాలంలో ఏం వడ్డించేవారో అందులో వర్ణన ఉంది. చలికాలపు వడ్డనలో కొత్తబియ్యపు అన్నం, మిరియాల పొడి పడ్డ వేడివేడి కూరలు, ముక్కుకెక్కే ఆవ పచ్చళ్లు కనిపిస్తాయి. మిరపకాయ కనిపించదు. సాక్ష్యం కోసం కావ్యాల దాకా పోనక్కర్లేదు, తద్దినం పెట్టే ఇంటికి పోయినా చాలు. చాలా ఇళ్లలో ఆ రోజు మిరప, టమాటా, బంగాళాదుంప, క్యాబేజీ గుమ్మం దాటి రావు; మిరియాలు, మినుములు, కంద, చేమ, అరటికాయ, కాకరకాయతోనే విస్తరి నిండుతుంది. మిరపకు ముందటి తెలుగు వంట ఎలా ఉండేదో తెలియాలంటే పితృదేవతలకు పెట్టే ఆ విస్తరే దగ్గరి నమూనా. వేరుశనగ దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. మన జెండాలాగా చూపుకునే గోంగూర జాతి మూలాలు ఆఫ్రికాలో ఉన్నాయి. ఇవాళ డెల్టా రొయ్యల వేపుడులో పడే వనామీ రొయ్య పసిఫిక్ అవతలి తీరపుది, 2009లో ప్రభుత్వ అనుమతి వచ్చాక మన చెరువుల్లో దిగింది. ఇంకో యాభై ఏళ్లకు ఎవరో మనవడు దాన్నీ మా నానమ్మల కాలంనాటి రుచి అంటాడు. అప్పటికి ఆ మాట తప్పు కూడా కాదు.

అన్నం సంగతి ఇంకా చిక్కు. డెల్టావాళ్లం, పుట్టిందగ్గర్నుంచీ వరన్నమే అనుకుంటాం. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1832-33లో, గుంటూరు సీమను నందన కరువు ఊడ్చిపెట్టింది. ఆనకట్టకు ముందు ఏటి వరద, చెరువు నీరు అందినంత మేర వరి ఉండేది. మిగతా నేలలో జొన్న, సజ్జ, చోడి, కొర్ర, వరిగ. శ్రీనాథుడి పేర ప్రచారంలో ఉన్న చాటువుల్లో పల్నాటి జొన్నకూడు మీద చూపిన విసుగు సన్నన్నం అలవాటైన వర్గం విసుగు. కాలువలు వచ్చాక వరి పొలం పెరిగింది నిజమే, కానీ నాటు వేసిన కూలీ ఇంట్లో రెండు పూటలా తెల్లన్నం ఉడకడానికి మరో శతాబ్దం పైన పట్టింది. కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది 1983లో. ఆ పథకానికి అంత పేరు రావడమే చెబుతోంది, అప్పటిదాకా రోజూ వరన్నం ఎంతమందికి అందలేదో. మా ఇంట్లో తాతల నాటి నుంచీ వరే అని ఎవరైనా అంటే కాదనక్కర్లేదు, అది ఎవరి ఇల్లో మాత్రం గమనించాలి. జ్ఞాపకాలు రాసుకున్నవి ఎక్కువగా గాదె ఉన్న ఇళ్లు. గాదె నింపిన ఇళ్ల తిండి, గంజి, ఎండుచేప, కాలువ చేప, ఆంధ్ర భోజనం అన్న పేరు కిందికి చేరనేలేదు. పోనీ ఆ గాదెలోని బియ్యమైనా ఇప్పటిదేనా అంటే అదీ కాదు. అక్కుళ్లు, కృష్ణకాటుకలు, ఆట్రగడలు పోయి, మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో స్వర్ణ, బాపట్ల నుంచి 1986లో సాంబమసూరి వచ్చాయి. సంప్రదాయ భోజనమని హోటళ్లు విస్తట్లో వడ్డించే సన్నన్నం వయసు చాలావరకు అంతే.

అప్పటి తిండి ఆరోగ్యం అన్న రెండో మాటకు డెల్టాయే గట్టి ఎదురు సాక్ష్యం. మన కోస్తాను ఉత్తర సర్కారులు అన్న రోజుల్లో ఇక్కడ బెరిబెరి పాతుకుపోయిన జబ్బు. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, గుండె బలహీనపడి మనుషులు పోయేవారు. జాన్ గ్రాంట్ మాల్కమ్సన్ అనే వైద్యుడు 1835లోనే మద్రాసులో అచ్చయిన గ్రంథంలో ఈ ప్రాంతపు బెరిబెరిని వర్ణించాడు. కారణం అప్పటికి తెలియదు. 1890లలో జావాలో ఐక్‌మన్ అనే వైద్యుడు కోళ్లకు తెల్ల బియ్యం మేపి చూశాకే దారి దొరికింది. బియ్యపు గింజ పైపొరలో ఉండే థయామిన్ అనే విటమిన్ తవుడుతో పాటు పోతే వచ్చే జబ్బు అది. ఇదే మద్రాసు ప్రెసిడెన్సీలో దక్షిణాన తమిళులు కూడా బియ్యమే తిన్నారు, కానీ వాళ్లలో ఈ జబ్బు అంతగా లేదు. వాళ్లది ఎక్కువగా ఉప్పుడు బియ్యం. వడ్లను ఉడికించి ఆరబెట్టేటప్పుడు పైపొరలోని విటమిన్ గింజలోకి దిగుతుంది, తర్వాత మరపట్టినా కొంత మిగులుతుంది. మన కోస్తాలో తిన్నది పచ్చి బియ్యం. బాగా తెల్లబడేదాకా దంచితే దంపుడు బియ్యంలోనూ తవుడు పోతుంది, మిల్లు ఆ తెలుపును చవకచేసి ప్రతి ఇంటికీ పంపింది. దానికి తోడు బియ్యాన్ని పదేపదే కడగడం, గంజి వార్చేయడం. థయామిన్ నీళ్లలో కరిగిపోయేది కనుక రెండూ నష్టమే. కూనూరులోని పోషకాహార పరిశోధనశాల 1930లు, 40లలో ఈ విషయం మీద విస్తారంగా పనిచేసింది. అదే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, ఇప్పుడు మనం జాతీయ పోషకాహార సంస్థ అని పిలుచుకునేది.

కుక్కరు అన్నం చేటు, వార్చిన అన్నం మేలు అని ఇప్పటికీ చెప్పుకోవడం ఈ చరిత్రను తలకిందులు చేయడమే. వారిస్తే కాస్త పిండిపదార్థం పోతుంది, దాంతో పాటు విటమిన్లూ పోతాయి. మిగిలిన అన్నం తిన్నవాళ్లకు చక్కెర పెరగకుండా ఏమీ ఆగదు. అయితే పెద్దవాళ్లు ఒక పని చేసేవారు, దాన్ని మనం మరిచాం: ఆ గంజిని పారబోసేవారు కాదు. ఉప్పు వేసుకుని తాగేవారు, తరవాణి కుండలో పోసి పులియబెట్టి చద్దన్నంలో కలుపుకునేవారు. అంటే వార్చడం మంచిదని మనం నేర్చుకున్నాం కానీ, వార్చినదాన్ని వదులుకోకూడదన్న సగం మన దాకా రాలేదు.

ఇప్పుడు అసలైన మూడో మాట, చేతి మహిమ. రుచి అని మనం అనేదాంట్లో పెద్ద భాగం వాసనే. నోట్లో నమిలేటప్పుడు వెనక నుంచి ముక్కుకు చేరే వాసన. మెదడులో వాసనను అందుకునే చోటుకూ, ఉద్వేగాలనూ జ్ఞాపకాలనూ నడిపే చోట్లకూ దారి చాలా దగ్గర. వాసన లేపిన జ్ఞాపకాలు మాటో బొమ్మో లేపిన వాటికన్నా పాతవిగా, ఎక్కువగా పదేళ్ల లోపు నాటివిగా ఉంటాయని, ఉద్వేగం కూడా వాటిలో ఎక్కువని మనస్తత్వ శాస్త్రజ్ఞుల ప్రయోగాలు చూపాయి. కానీ అవి ఇతర జ్ఞాపకాలకన్నా కచ్చితమైనవని ఆ ప్రయోగాలు చూపలేదు. జ్ఞాపకమంటే దాచిపెట్టిన ఫొటో కాదని, తలచుకున్న ప్రతిసారీ కొత్తగా కట్టుకునేదని కేంబ్రిడ్జిలో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు బార్ట్‌లెట్ 1932లోనే చెప్పాడు. కాబట్టి అమ్మమ్మ పెరుగు తలపుకు వస్తే కళ్లు చెమర్చడం ఆ పెరుగు ఎలా తయారైందో తెలుసుననడానికి రుజువు కాదు. ఎలా తయారైందంటే, గేదె పాలను పిడకల దాలి మీద గంటల తరబడి ఎర్రగా కాచారు. గేదె పాలలో వెన్న ఆరు, ఏడు శాతం ఉంటుంది. టోన్డ్ పాలపాకెట్‌లో మూడు. ఆ పాకెట్‌ను గ్యాసు మీద పది నిమిషాలు పొంగించి తోడుపెట్టి, మీగడ కట్టలేదేమని కోడల్ని అడగడం అన్యాయం. దాలి పొగ పీల్చి దగ్గుతూ బతికిన ఆడవాళ్ల ఊపిరితిత్తుల ప్రస్తావన ఆ కమ్మని జ్ఞాపకంలో ఎప్పుడూ రాదు, అది మరో విషయం.

ఆవకాయలో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. మన ఇళ్లలో కొలతలు బరువుతో కాదు, గిద్ద, సోల, తవ్వతో. దేశంలో మెట్రిక్ తూనికల చట్టం 1956లో వచ్చినా పచ్చడి జాడీ దగ్గర సోల ఇంకా చెల్లుతూనే ఉంది. సోలతో కొలిచినంత కాలం దినుసు మారితే లెక్క మారుతుంది. కల్లుప్పును ఎండబెట్టి దంచితే బరకగా ఉండి గింజల మధ్య ఖాళీ మిగులుతుంది. పాకెట్‌లోని మెత్తటి ఉప్పు అదే సోలలో ఎక్కువ బరువు తూగుతుంది. మిరపలో సన్నం రకానికీ తేజ రకానికీ ఘాటులో చాలా తేడా. రోకలి నలిపిన ఆవపిండి, మిక్సీ బ్లేడు కోసిన ఆవపిండి ఒకలా ఉండవు. చేయి అదే, సోల అదే, పచ్చడి మాత్రం ఉప్పు కషాయం. అప్పుడు ఆ అమ్మాయికి పచ్చడి చేయి రాలేదంటారు.

ఈ వరసలో అన్నిటికన్నా క్రూరమైనది, నెలసరిలో ఉన్నవాళ్లు ముట్టుకుంటే ఊరగాయ పాడవుతుందన్న నమ్మకం. మన దగ్గరే అనుకోవద్దు. వియన్నాలో బేలా షిక్ అనే పేరున్న వైద్యుడు 1920లో రుతుస్రావపు రోజుల్లో స్త్రీల ఒంట్లో పూలను వాడగొట్టే విషం ఉంటుందని ప్రతిపాదించాడు. ఆ తర్వాత దానికి శాస్త్రం ఆధారం చూపలేకపోయింది. ఆవకాయను కాపాడేవి ఉప్పు, కాయ పులుపు, ఆవఘాటు. నూనె పైన తేలి గాలిని అడ్డుకుంటుంది. పాడుచేసేది తడి. సరిగా తుడవని ముక్క, ఆరని జాడీ, నీటిచుక్క అంటిన గరిటె, ఉప్పు తగ్గించి పట్టడం, పైన నూనె చాలకపోవడం. బూజు వచ్చిందంటే వీటిలో ఏదో ఒకటి. జాడీకి వాసెన కట్టిన పెద్దలకు తడి సంగతి బాగా తెలుసు. తెలిసీ, బూజు పట్టినప్పుడు గరిటెను వదిలి మనిషిని పట్టుకున్నారు.

ఇన్ని చెప్పాక ఒక అభ్యంతరం రావాలి: అయితే సంప్రదాయమే లేదా, నైపుణ్యమే లేదా? రెండూ ఉన్నాయి, మనం వెతికే చోట లేవు. మిరియం పోయి మిరప వచ్చినా ఆవతో పచ్చడి పెట్టడం పోలేదు. పప్పు, కూర, పచ్చడి, పులుసు, చివర మజ్జిగ అన్న వరస దినుసులు మారినా చెదరలేదు. కొత్తగా వచ్చిన కాయను పాత వరసలో ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియడమే ఆ నైపుణ్యం. టమాటాను రామములగ అని పిలిచి పప్పులో వేసిన ఆడవాళ్లు చేసింది అదే. చేయి లేదని కాదు. చూపుతో పాకం పట్టడం, వాసనతో పోపు దించడం ఏళ్ల సాధన మీద వస్తాయి. కానీ సాధన నేర్పదగ్గది, మహిమ నేర్పలేనిది. నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్ రాసిన వంటల పుస్తకం ఎన్నో ముద్రణలు పొందింది. పుట్టింటికి దూరంగా కాపురం పెట్టిన ఎందరో ఆ అచ్చు పేజీల నుంచి నేర్చుకున్న వంటలే వాళ్ల పిల్లలకు ఇవాళ అమ్మ చేతి వంటలు. అచ్చు కాగితం నుంచి నేర్చుకున్నంత మాత్రాన ఆ పిల్లల జ్ఞాపకం నకిలీ అయిపోలేదు.

మనసుకు హత్తుకున్నదాన్ని ఇలా ముక్కలు చేయడం ఎందుకన్న అభ్యంతరం కూడా ఉంటుంది. ఆ రుచి మళ్లీ కావాలనుకునేవాళ్లకే ఇది ఎక్కువ అవసరం. మహిమ అనుకుంటే ఆవిడతో పోయిందని ఊరుకుంటాం. కారణాలు తెలిస్తే కొన్నయినా తిరిగి తెచ్చుకోవచ్చు. కాబట్టి పెద్దావిడ ముందు ఫోను పెట్టి వంట చెప్పించుకునేవాళ్లు, ఎంత వెయ్యాలమ్మా అని అడిగి, నీకే తెలుస్తుందిలే అన్న జవాబుతో ఆపకూడదు. కాయ చిన్నరసమా, కొత్తపల్లి కొబ్బరా? ఉప్పు దంచిందా, పాకెట్‌దా? నూనె నువ్వులదా, వేరుశనగదా? ఆ సోల ఇంట్లో ఇంకా ఉందా, ఉంటే దాంట్లో ఇప్పటి ఉప్పు ఎన్ని గ్రాములు పడుతుంది? ఆ రోజుల్లో కారం, ఆవాలు దంచడానికి కూలికి ఎవరు వచ్చేవారు, ఆవిడ పేరేమిటి అన్నది కూడా అడగాలి, ఎందుకంటే ఆ జాడీలో పడ్డ చేతుల్లో అదీ ఒకటి.